అభిప్రాయ సేకరణమా, సంతకముల సేకరణమా?

తమిళనాట 2022 నుండి గ్రామసభలు ఏడాదికి నాలుగు మారులు గాక ఆరు మారులు కూడుచున్నవి. ఊరికి ముందు బాట కావలెనా, మంచినీరా, బడికి కప్పా యని ఊరివారే తేల్చుకొనుటకు ఏర్పడినది గ్రామసభ. 1993లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 73వ సవరణము దానికి అండ.

మరి హోసూరు, డెంకణికోట ప్రాంతముల తెలుగు పల్లెలలో పలుచోట్ల జరుగుచున్న దేమి? ముందే వ్రాసిన తీర్మానమును తమిళమున చదువుదురు, జనులు తలలూపుదురు, సంతకములు పడును. ప్రజాభిప్రాయమును సేకరించితిమని నివేదిక పైకి పోవును!

"తరతరములుగా ఇచ్చటనున్నవారికి తమిళము రాదా?" యని కొందరడుగుదురు. వచ్చును. తమిళముతో మనకు వైరము లేదు. కాని సంతబేరపు మాట వేరు, జమాఖర్చుల తీర్మానపు భాష వేరు. కుళాయి ఎచ్చట వేయవలెనో బిందె మోయు అవ్వకు తెలిసినంత గుమాస్తాకు తెలియదు. ఆమెను ఆమె మాటలో అడిగిన వారేరి? జిల్లాలోగాని, అంతకు దిగువ ప్రాంతములోగాని 15 శాతము జనులు మాటలాడు భాషలో ముఖ్య ప్రకటనలు వెలువడవలెనన్నది భాషా అల్పసంఖ్యాకులకు అంగీకరించిన రక్షణలలో నొకటి. ఇది భిక్ష కాదు, హక్కు.

కావున సోదరులారా! సభకు వారము ముందే వీధివీధిని కూడుడు. స్త్రీలను మొదట మాటలాడనిండు. మూడు కోరికలు ఏరి, తెలుగునను తమిళమునను వ్రాసి యిండు. తీర్మానపు పుస్తకమున అవి చేరునంతవరకు సంతకము చేయకుడు. అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు, పంచాయతీ పెట్టునా?