మైత్రీబాగ్‌ను పులులతో కొలవొద్దు

భిలాయిలోని మైత్రీబాగ్ తోట ఎలా ఉందని పక్కనున్న జాముల్‌లోనో భిలాయి సెక్టార్లలోనో అడిగి చూడండి. తెల్లపులులు ఉన్నాయి, బొమ్మరైలు ఉంది, సంగీత ఫౌంటెన్ ఉంది, ఇంకేం కావాలంటారు. సెలవురోజు జనాన్ని చూపించి తోట చెక్కుచెదరలేదని తేల్చేస్తారు. ఆ లెక్క తప్పు. అది జూకి వేసే లెక్క, తోటకు కాదు.

భిలాయి ఉక్కు కర్మాగారం 1955 నాటి ఒప్పందంతో, సోవియట్ సాయంతో పుట్టింది. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ భారత్-సోవియట్ స్నేహానికి గుర్తుగా 1972లో ఈ తోట వెలిసింది. తెల్లపులులు చాలా ఏళ్ల తర్వాత ఒడిశాలోని నందన్‌కానన్ నుంచి వచ్చాయి. వాటిని చూసి పిల్లలు మురిసిపోతారు, మంచిదే. కానీ కొలిమి దగ్గర షిఫ్టు చేసొచ్చిన మనిషి ఇంటిల్లిపాదితో చెట్టు నీడన, నీటి ఒడ్డున కాసేపు ఊరికే కూర్చోగలగడమే ఈ తోట ప్రాణం. ఆ చోటు ఎంత మిగిలిందన్నదే అసలు ప్రశ్న.

చారిత్రక ఉద్యానాల గురించి 1981లో ఫ్లోరెన్స్‌లో నిపుణులు రాసిన పత్రం చూడమన్న వాటిలో నేల ఎత్తుపల్లాలు, దారుల అమరిక, ఏ జాతి చెట్లు ఎంత ఎడంలో ఉన్నాయి, నీరు ఎలా ఉంది అన్నవి ముఖ్యమైనవి. చెట్టు చావడం సహజమని ఆ పత్రానికీ తెలుసు. చచ్చిన వేప స్థానంలో వేపే నాటితే తోట పోదు. అక్కడ సిమెంటు పోస్తే పోతుంది. సిమెంటు ఫ్యాక్టరీ పక్కన బతికే జాముల్ వాళ్లకు పచ్చిక విలువ నేను చెప్పాలా!

హైదరాబాద్ నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌ను చూడండి. శాసనసభ, మ్యూజియం, జూబ్లీహాల్, లలిత కళాతోరణం. దేనికదే గొప్పది. కానీ ఒక్కొక్కటీ వచ్చేకొద్దీ తోట కట్టడాల మధ్య మిగిలిన జాగా అయింది. ఎవరూ చెడగొట్టాలనుకోలేదు, అయినా చెడింది.

‘యాభై ఏళ్ల పార్కుకు చరిత్రేమిటి?’ అనేవాళ్లు 1958 నాటి పురాతన కట్టడాల చట్టాన్ని చూపిస్తారు. దాని ప్రకారం కనీసం నూరేళ్లు నిండాలి, అంటే 2072 దాకా ఆగాలి. అప్పటికి కాపాడటానికి ఏం ఉంటుంది?

కొత్త ఆకర్షణ ఏది పెట్టాలన్నా ముందు 1972 నాటి అమరికతో నేటి నేలను పోల్చి, చెట్లకు రిజిస్టరు రాయాలి. ఉక్కు కర్మాగారం యాజమాన్యం దగ్గర మూల నక్షా ఉంటే బయటపెట్టాలి. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి ఇక్కడ రిటైరైన తెలుగు కుటుంబాల ఆల్బమ్‌లలో ఆనాటి మైత్రీబాగ్ ఫొటోలు ఉంటాయి. మనుషుల వెనక కనిపించే దారి, చెట్టు, గట్టు ఇప్పుడు సాక్ష్యం. పెద్దవాళ్లు ఉండగానే ఆ ఫొటోలను బయటికి తీసి, ఏ ఏడాదో, ఏ వైపు తీసిందో వెనక రాయించి పెట్టండి.