ఆ ఫారం మనం నింపేది కాదు, అడగాల్సింది

పదిహేనేళ్ల పిల్లాణ్ని బజార్లో సెల్‌ఫోన్ కొట్టేశాడన్న అనుమానంతో పోలీసులు తీసుకెళ్లారనుకుందాం. ఇల్లు సింగరేణి బొగ్గుగనుల దగ్గరి సెంటినరీ కాలనీ. తండ్రి ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు డ్రైవరు, రెండో షిఫ్టులో ఉన్నాడు. తల్లి వెంట వచ్చిన మేనమామ ముందుగా చేసే పని ఫోన్ తీసి వెతకడం. జువైనల్ బెయిల్ ఫారం, బాండు ఫారం, కోర్టు దరఖాస్తు... పేరు, వయసు, కేసు వివరాలు కొడితే నిమిషంలో కాగితం తయారుచేసి ఇస్తామనే సైట్లు వరుసకడతాయి. అమెరికా రాష్ట్రాల కోర్టు ఫారాలూ వాటిలో కలిసే ఉంటాయి. వాటితో ఈ పిల్లాడికి ఒరిగేదేమీ లేదు.

మనకు వర్తించేది 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉన్న జువైనల్ జస్టిస్ చట్టం. అదే ఏడాది సెప్టెంబరులో కేంద్రం నమూనా నియమాలిచ్చి, వాటి వెనుక ఫారాలు జతచేసింది. ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. చిక్కేమిటంటే, అసలైన ఫారాలు కుటుంబం నింపేవి కావు. 1వ ఫారం పోలీసు స్టేషన్‌లోని బాలల సంక్షేమ అధికారి రాయాలి. 6వ ఫారం ప్రొబేషన్ అధికారిది. అమ్మానాన్నల వంతు వచ్చేది ఎక్కువగా పూచీకత్తు మీద సంతకం దగ్గరే.

ఆ 1వ ఫారాన్ని ఓసారి తీరిగ్గా చదవాలి. సామాజిక నేపథ్య నివేదిక అంటారు దాన్ని. ఇంట్లో ఎవరెవరున్నారు, వాళ్ల వయసు, చదువు, పని, ఆదాయం, ఆరోగ్యం, వ్యసనాలు. పిల్లాడు బడి ఎందుకు మానేశాడు, ఎవరితో తిరుగుతాడు, అతనిపైనే ఎవరైనా దౌర్జన్యం చేశారా అని అడుగుతుంది. ఎఫ్‌ఐఆర్‌కు కావలసింది ఏం జరిగిందన్నది. ఈ ఫారానికి కావలసింది ఎందుకు జరిగిందన్నది. షిఫ్టుల మధ్య పిల్లాడి ముఖం చూడని తండ్రి, కాంట్రాక్టు మారినప్పుడల్లా ఆగే జీతం, పదో తరగతిలో పోయిన సబ్జెక్టు ఇవన్నీ రాయడానికి అందులో గడులున్నాయి. వాటన్నింటికీ ఎదురుగా ‘సాధారణం’ అని ఒక్క మాట రాసేస్తే ఫారం నిండుతుంది, పిల్లాడు మాత్రం కనబడడు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. నియమాల ప్రకారం ఘోర నేరం, అంటే కనీసం ఏడేళ్ల శిక్ష పడేదైతేనో, పెద్దవాళ్లతో కలిసి చేశాడని ఆరోపణ ఉంటేనో తప్ప పిల్లల మీద ఎఫ్‌ఐఆర్ నమోదు చేయకూడదు. జనరల్ డైరీలో రాసుకుని, 1వ ఫారం జతచేసి జువైనల్ జస్టిస్ బోర్డుకు పంపాలి. గరిష్ఠ శిక్ష మూడేళ్లు మించని మామూలు దొంగతనం ఈ చట్టం లెక్కలో చిన్న నేరమే. అందుకే, సాయానికొచ్చిన యూనియన్ లీడరు ‘ముందు ఎఫ్‌ఐఆర్ కాపీ ఇవ్వండి’ అని గట్టిగా పట్టుబడితే అది మేలు చేసినట్టు కాదు.

పుట్టిన తేదీ విలువ బొగ్గుబాయిల ప్రాంతానికి ఒకరు చెప్పక్కర్లేదు. సర్వీసు రికార్డులో ఒక అంకె తేడా వస్తే రిటైర్మెంటే మారిపోతుంది. ఇక్కడా అంతే. 94వ సెక్షన్ ప్రకారం ముందు చూసేది బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్, లేదా పదో తరగతి బోర్డు సర్టిఫికెట్. అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన ధ్రువపత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆధార్ ఈ వరసలో లేదు. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో ఒక ప్రమాద పరిహారం కేసులో, ఈ సెక్షన్‌నే ప్రస్తావిస్తూ తేల్చింది. మేనమామ ఫోన్‌లో వెతకడం ఆపి బడికి వెళ్లాలి.

జువైనల్ కోర్టు అని మనం అనేది నిజానికి బోర్డు. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు; ఆ ఇద్దరిలో ఒకరు మహిళ కావాలి. ఎత్తైన వేదిక, బోను ఉండకూడదు. లాకప్‌లో పెట్టకుండా, ప్రయాణ సమయం మినహా 24 గంటల్లో పిల్లాణ్ని అక్కడ హాజరుపరచాలి. నేరం నాన్‌బెయిలబుల్ అయినా బెయిలే మామూలు నియమం. కాదంటే కారణాలు రాసి చెప్పాలి. విచారణ నాలుగు నెలల్లో ముగియాలి, పొడిగిస్తే మరో రెండు నెలలు. చిన్న నేరమై అప్పటికీ తేలకపోతే కేసు అక్కడితో ఆగిపోతుంది. 2022 నాటి హైదరాబాద్ జూబ్లీహిల్స్ సామూహిక అత్యాచారం కేసు తర్వాత జనం నోట నానుతున్న ‘మేజర్‌గా విచారణ’ పదహారు నిండి, ఘోర నేరం ఆరోపణ ఉన్నవారి సంగతి. మన పిల్లాడికి దానితో పనిలేదు.

ఆన్‌లైన్ కాగితాలతో అసలు ప్రమాదం వేరే ఉంది. బోర్డు ముందుకొచ్చే నివేదికలు రహస్యమంటుంది 99వ సెక్షన్. పిల్లల గుర్తింపు బయటపెడితే ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా లేదా రెండూ అంటుంది 74వ సెక్షన్. గడువు తీరాక, కొన్ని ఘోర నేరాల్లో తప్ప, రికార్డునే ధ్వంసం చేయాలని 24వ సెక్షన్ ఆదేశం. ప్రభుత్వం చెరిపేయమన్న వివరాలను మనమే ముక్కూముఖం తెలియని సైటులో కొట్టి, ఆ కాగితాన్ని కాలనీ వాట్సాప్ గ్రూపులో పెడితే ఇక దాన్ని ఎవరు చెరుపుతారు?

సర్కారు ఖాళీ ఫారాలు ఇంటర్నెట్‌లో పెట్టి చేతులు దులుపుకుంటే చాలదు. ఏ ఫారం ఎవరు రాయాలో, ఎన్నాళ్లలో రాయాలో తెలుగులో ప్రతి స్టేషన్ గోడ మీద ఉండాలి. ప్రొబేషన్ అధికారి నివేదికకు చట్టమిచ్చిన గడువు మొదటిసారి హాజరుపరిచిన నాటి నుంచి 15 రోజులు. అందులోని సారాంశాన్ని తల్లిదండ్రులకు తెలిపి, వాళ్ల వైపు సాక్ష్యం చూపుకోవడానికి బోర్డు అవకాశమివ్వవచ్చని అదే 99వ సెక్షన్ చెబుతోంది. రహస్యమంటే కన్నవాళ్లకు కూడా చెప్పకూడదని కాదు. రామగిరి మండలంలోనైనా, గోదావరిఖనిలోనైనా ఇలాంటి కష్టమొచ్చిన తల్లిదండ్రులు 1వ, 6వ ఫారాల్లో ఏం రాశారో అడగాలి. అడగడానికి వకీలు కావాలంటే న్యాయ సేవల సంస్థ ఉచితంగా ఇస్తుంది. ఫోన్ నంబరు 15100.