శిబిరాలు సరే, రోగులేరీ?

వైద్య కళాశాల విద్యార్థులు పల్లెలకు వచ్చి ఉచితంగా రోగులను పరీక్షించడం హర్షించదగ్గ విషయమే. 1969లో జాతీయ సేవా పథకం మొదలైన నాటి నుంచి కాలేజీ పిల్లలు ఊళ్ళలో శిబిరాలు వేస్తూనే ఉన్నారు. 2022లో జాతీయ వైద్య కమిషన్ మరో అడుగు ముందుకు వేసింది. ఎం.బి.బి.ఎస్. విద్యార్థులు మొదటి సంవత్సరం నుంచే పల్లెల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని వారి ఆరోగ్యాన్ని కనిపెట్టి ఉండాలని పాఠ్యప్రణాళికలోనే చేర్చింది. ఉద్దేశం మంచిదే. చిక్కల్లా ఆ వైద్యం ఎవరికి అందుతున్నదన్నదే.

పల్నాడులో మిరప కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఒక శిబిరం చూశాను. ఆదివారం ఉదయం తొమ్మిదింటికని కరపత్రంలో వేశారు. రామాలయం పక్కన షామియానా, కుర్చీలు, బ్యానరు. ముఖ్య అతిథి వచ్చేసరికి పదిన్నర దాటింది. దండలు, శాలువలు, ఉపన్యాసాలు ముగిసేసరికి మరో గంట. (బ్యానరుపై పెద్దల ఫొటోలకు చోటు దొరికింది గాని, ఏయే పరీక్షలు చేస్తారో రాయడానికి దొరకలేదు.) కోత కూలీలు తెల్లవారకముందే ఆటోలెక్కి చేలకు వెళ్ళిపోయారు. కోతల రోజుల్లో కూలికి పోయేవారికి ఆదివారమేమిటి? ఒక పూట మానితే ఆ పూట కూలి పోయినట్లే.

ఆనాడు బి.పి. చూపించుకున్నవారు ఎవరయ్యా అంటే, ఎక్కువమంది టౌనులో నెలనెలా డాక్టరు దగ్గరకు వెళ్ళగలిగినవారే. ఎస్సీ కాలనీ నుంచి వచ్చినవారిని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. రామాలయం పక్కన షామియానా అంటే కాలనీ ఆడవారు ఎందుకు జంకుతారో ఊళ్ళో పుట్టినవారికి చెప్పనక్కరలేదు. పట్నం నుంచి వచ్చిన పిల్లలకు మాత్రం ఎవరైనా చెప్పాలి. ఇక కర్నూలు వైపు నుంచి కోతలకు వలస వచ్చి చేల పక్కన గుడారాల్లో కాపురముండే కుటుంబాలకు శిబిరం సంగతే తెలియదు.

జనానికి ఆరోగ్యంపై శ్రద్ధ లేదని నిర్వాహకులు అనడం విన్నాను. ఈ మాట న్యాయం కాదు. లోపం చాటింపులో ఉంది, వేళలో ఉంది, చోటులో ఉంది. ఏ ఇంట్లో ఎవరు మంచాన పడ్డారో ఆశా కార్యకర్తకు తెలుసు. శిబిరానికి వారం ముందు ఆమెను వెంటబెట్టుకుని విద్యార్థులు గడపగడపకూ తిరగాలి. కూలీలను ఆటోల్లో తీసుకుపోయే మేస్త్రీకి చెప్పే ఒక్క మాట వెయ్యి కరపత్రాల పెట్టు. పొదుపు సంఘం ఆడవారు పూనుకుంటే కబురు సాయంత్రానికల్లా ఊరంతా పాకుతుంది.

వచ్చినవారి గతి మాత్రం ఏమిటి? బి.పి.కి సాధారణంగా నొప్పి ఉండదు. ఏళ్ళ తరబడి 140/90 దాటి ఉన్నా మనిషి పనిచేసుకుపోతూనే ఉంటాడు, ఒకనాడు పక్షవాతంతో కూలిపోతాడు. ఒకసారి ఎక్కువ చూపినంత మాత్రాన జబ్బని తేల్చడానికి వీల్లేదు, మరో రోజు మళ్ళీ చూడాలి. జబ్బని తేలితే మందులు రోజూ వాడాలి. శిబిరంలో ఇచ్చేది పది రోజుల మాత్రలు. పదకొండో రోజు ఎక్కడికి వెళ్ళాలో చీటీలో ఉండదు. ఉన్నా ఇంగ్లీషులో ఉంటుంది! ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బి.పి., సుగరు మాత్రలు ఉచితంగా ఇస్తారని చెప్పేవారే లేరు.

విద్యార్థులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. తమంతట తామే మందులు రాసే హక్కు వారికి లేదు, పక్కన రిజిస్టరయిన డాక్టరు ఉండవలసిందే. కాని ఓపికగా అడిగి తెలుసుకునే తీరిక డాక్టరుకంటే వారికే ఎక్కువ. గుండె దడ, ఆయాసం, కాళ్ళ తిమ్మిర్లు, కళ్ళు బైర్లు కమ్మడం వంటి మాటలను పల్లెవాసుల నోటనే నేర్చుకోవాలి. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన విద్యార్థి పక్కన తెలుగు తెలిసినవారిని కూర్చోబెట్టడం కళాశాలవారికి పెద్ద పనికాదు.

వచ్చే కోతల్లోనైనా కళాశాలల పెద్దలు ఒక్క మార్పు చేసి చూడాలని విజ్ఞప్తి. కూలీలు ఇళ్ళకు చేరాక, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు కాలనీ బడి వరండాలో శిబిరం పెట్టండి. మరో సాయంత్రం గుడారాల దగ్గర. మళ్ళీ చూడవలసినవారి పేర్లు తెలుగులో రాసి, బస్సు ఊరు దాటకముందే ఆ జాబితా ఉపకేంద్రం ఏ.ఎన్.ఎం. చేతికివ్వండి. ముఖ్య అతిథి రాకపోయినా ఫరవాలేదు.