ఆత్రేయ అడగని ప్రశ్న

నేనూ నవ్వాను. 2019లో వచ్చిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ'లో నెల్లూరు డిటెక్టివ్ గారి 'ఎఫ్‌బీఐ' అంటే ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్ అని తెలిసి పగలబడి నవ్వాను.

కానీ మిత్రులారా, ఆ కథ రైలు పట్టాల పక్కన పడేసిన శవాలది. చచ్చినవాళ్ల వేలిముద్రల దాకా వెళ్లిన సినిమాకి, ఆ శవాలెత్తే చేతులు ఏ వాడవో అడగాలనిపించలేదు.

శవం దగ్గర దొరికాడని ఆత్రేయని లాకప్‌లో వేస్తారు. బయటికొచ్చి కేసు ఛేదిస్తాడు. గోత్రం పేరున్న తిక్క తెలివి ముద్దొస్తుంది. అదే ఏజెంట్ ఎల్లయ్య అయితే? అసలు బయటికొచ్చేవాడా?

మొన్న క్లాసులో ఈ మాటే అంటే వెనక బెంచీ కుర్రాడు లేచాడు. "సార్, మా నాన్న మార్చురీలోనే పని చేస్తాడు. ఆయన్నొక్క మాట అడిగుంటే ఇంటర్వెల్‌లోపే కేసు తేలిపోయేది."