కోస్గి వలస ఏ లెక్కలో?

2023 జూలై నుంచి 2024 జూన్ దాకా జరిగిన పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్లు నిండినవారిలో నిరుద్యోగం 3.2 శాతం. ఈ సర్వే మొదలైన 2017-18లో అది 6 శాతం. అంటే ఆరేళ్లలో దాదాపు సగానికి తగ్గింది. అంకెలో తప్పు లేదు. కానీ అది ఏ ప్రశ్నకు జవాబో తెలియకుండా ఆ అంకెను పట్టుకుని సంబరపడినా, తిట్టిపోసినా ఒరిగేదేమీ లేదు.

సర్వేలో పనికి రెండు కొలతలున్నాయి. మొదటిది ఏడాది లెక్క. సంవత్సరంలో ఎక్కువ కాలం పని దొరక్కపోయినా, ఏదో ఒక పని కనీసం 30 రోజులు చేసిన మనిషిని ఇందులో ఉపాధి ఉన్నవాడిగానే రాసుకుంటారు. 3.2 శాతం ఈ లెక్క నుంచే వచ్చింది. రెండోది వారం లెక్క. గడిచిన ఏడు రోజుల్లో ఏ ఒక్క రోజైనా ఒక గంట పని చేస్తే చాలు. 2011-12 దాకా జరిగిన పాత సర్వేలు రోజువారీ లెక్కను కూడా ముందు పెట్టి చూపేవి. ఆ సంవత్సరం ఏడాది లెక్కలో నిరుద్యోగం 2.2 శాతం, వారం లెక్కలో 3.7, రోజు లెక్కలో 5.6. దేశం ఒకటే, మనుషులూ వాళ్లే. కొలత చిన్నదైన కొద్దీ పని లేని రోజులు బయటపడ్డాయి. మన దేశంలో నిరుద్యోగాన్ని ఒకే అంకెలో చెప్పడం కుదరదని దంత్వాలా కమిటీ 1970లోనే తేల్చింది. ఆ మాట నేటికీ చెల్లుతుంది.

రెక్కాడితే గానీ డొక్కాడని ఇంట్లో పని లేదని కూర్చునే వీలుండదు. దొరికిన పనికి, దొరికిన కూలికి పోవాల్సిందే. మంచి ఉద్యోగం కోసం ఎదురుచూడాలంటే అన్నాళ్లూ ఇల్లు తిండి పెట్టగలగాలి. 2023-24లో 15 నుంచి 29 ఏళ్ల యువతలో నిరుద్యోగం 10.2 శాతం ఉండడానికి ఇదొక ముఖ్య కారణం. పేదరికం ఎక్కువగా ఉన్న పల్లెలో నిరుద్యోగ శాతం తక్కువగా కనిపించడంలో వింతేమీ లేదు.

నారాయణపేట జిల్లా కోస్గి ప్రాంతం ఇందుకు సరైన ఉదాహరణ. వాన మీద ఆధారపడ్డ నేలలు, కంది, జొన్న, పత్తి, బోరు పారినచోట కాస్త వరి. తొలకరికి మొదలైన పని కంది కోతతో అయిపోతుంది. ఆ తర్వాత ఊళ్లో కూలి ఉండదు. కూలీలను కుదిర్చే గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు అప్పటికే ఇంటి అప్పుకో, పెళ్లి ఖర్చుకో అయిపోయి ఉంటుంది. బొంబాయి, పుణె, హైదరాబాద్ దారి పట్టక తప్పదు. పెద్ద పెద్ద ఆనకట్టల మట్టి మోసిన ‘పాలమూరు లేబర్’కు వారసులే నేడు కేబుల్ గుంతలు తవ్వుతున్నారు, సెంట్రింగ్ కొడుతున్నారు. తండాల నుంచి ఆలుమగలు జంటగా పోతారు, ముసలివాళ్లు పిల్లలతో ఇంటి దగ్గర ఉంటారు. పలకరిస్తే ‘బతుకపోయిండ్రు’ అంటారు. మళ్లీ ఊరు నిండేది పీర్ల పండుగకో, ఎలక్షన్లకో.

ఈ మనుషులు సర్వేకు ఎలా దొరుకుతారన్నది అసలు చిక్కు. ఆరు నెలల లోపు బయట ఉన్నవారిని సర్వే ఇంటి సభ్యులుగానే రాసుకుంటుంది. అయిదు నెలలు బొంబాయిలో మట్టి తవ్విన మనిషి కోస్గి ఖాతాలో ఉపాధి ఉన్నవాడవుతాడు. ఆ కూలి ఈ ఊరు ఇచ్చింది కాదన్న సంగతి మొత్తం అంకెలో కలిసిపోతుంది. ఆరు నెలలు దాటితే ఇంటి జాబితా నుంచే పేరు పోతుంది. అక్కడ పని జరిగేచోట రేకుల షెడ్డులో ఉండి, పని అయిపోగానే మరోచోటికి మారే గుంపు ఆ నగరం జాబితాకూ ఎక్కకపోవచ్చు. స్థిర నివాసం లేనివారిని సర్వే పట్టిక వదిలేస్తుంది.

2024 దాకా ఈ సర్వే పట్నం ఇంటికి నాలుగుసార్లు వెళ్లేది, పల్లె ఇంటికి ఒక్కసారే. 2025 జనవరి నుంచి పద్ధతి మారింది. ఇళ్ల సంఖ్యను 2.72 లక్షలకు పెంచి, నెలనెలా ఫలితాలు ఇస్తున్నారు, పల్లె ఇంటికీ వరుసగా నాలుగు నెలలు వెళ్తున్నారు. ఇది మెచ్చుకోదగ్గ మార్పు. కానీ వరుసగా నాలుగు నెలలంటే కోస్గి ఇంటికి ఒక కాలమే. జూలైలో అడిగితే ఇంటి నిండా పని, ఫిబ్రవరిలో అడిగితే ఇంటికి తాళం. రెండూ ఒకే ఇంట్లో చూస్తే గానీ ఆ కుటుంబం ఏడాది అర్థం కాదు.

ఆడవాళ్ల లెక్కనూ ఇలాగే విప్పి చూడాలి. గ్రామీణ స్త్రీలలో పని చేస్తున్నవారు, పని కోసం చూస్తున్నవారు కలిపి 2017-18లో 24.6 శాతం ఉంటే 2023-24కు 47.6 శాతమయ్యారు. పెద్ద పెరుగుదలే. కానీ అదే కాలంలో పని చేసేవారందరిలో సొంత పని చేసుకునేవారి వాటా 52.2 నుంచి 58.4 శాతానికి పెరిగింది. ఇంటి చేనులోనో దుకాణంలోనో కూలి లేకుండా చేసేవారు 13.6 నుంచి 19.4 శాతమయ్యారు. మగవాళ్లు వలస పోతే కంది చేనులో కలుపు తీసేది, పశువులను చూసేది ఇంటి ఆడవాళ్లే. వాళ్ల శ్రమ లెక్కకెక్కడం న్యాయం. చేతికి పైసా రాని ఆ శ్రమను కొత్త ఉద్యోగమని చాటుకోవడం మాత్రం న్యాయం కాదు.

లెక్క లేకపోతే ఏమవుతుందో 2020 లాక్‌డౌన్ చూపింది. ఆ సెప్టెంబరులో కేంద్ర కార్మిక శాఖ పార్లమెంటుకు ఇచ్చిన సమాధానంలో కోటీ నాలుగు లక్షలకు పైగా వలస కూలీలు సొంత రాష్ట్రాలకు తిరిగి వచ్చారని ఉంది. దారిలో చనిపోయినవారి వివరాలు మాత్రం తమ దగ్గర లేవంది. 2021 ఆగస్టులో తెచ్చిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో 30 కోట్లకు పైగా అసంఘటిత కార్మికులు పేర్లు రాయించుకున్నారు. అది పేర్ల జాబితా. ఎవరు ఏ నెలలో ఎక్కడ పని చేస్తున్నారో దాన్నుంచి తేలదు.

కోస్గికి ఈ లెక్క అవసరం ఇంకొకటి ఉంది. 2024 ఫిబ్రవరి 21న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కోస్గిలోనే నారాయణపేట-కొడంగల్ ఎత్తిపోతల పథకానికి శంకుస్థాపన చేశారు. రేపు నీళ్లొస్తే రెండో పంట వస్తుంది, వలస తగ్గుతుందని అందరి ఆశ. ఎంత తగ్గిందో చెప్పాలంటే ఇవాళ ఎంత ఉందో రాసి ఉండాలి.

జనగణన ఈ లెక్కను పట్టుకుంటుందా అంటే అనుమానమే. రాబోయే జనగణనకు కేంద్రం ప్రకటించిన ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. జనాభా లెక్కింపు ఫిబ్రవరిలో. 2011లోనూ ఫిబ్రవరే. లెక్కింపు రోజులన్నీ ఊళ్లో లేనివారిని, ఉన్నచోటే లెక్కించాలన్నది నియమం. కోస్గి కూలీ అప్పుడు బొంబాయిలో ఉంటాడు. ఓట్లప్పుడు గుంపు మేస్త్రీలను పట్టుకుని, బస్సులు పెట్టి మరీ ఈ జనాన్ని పార్టీలు ఊరికి రప్పిస్తాయి. కాబట్టి వాళ్లు ఎక్కడున్నారో కనుక్కోవడం అసాధ్యం కాదు. నారాయణపేట జిల్లా యంత్రాంగం ఏటా రెండుసార్లు, ఆగస్టులో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి, ఊరివారీగా వలస లెక్క తీయాలి. ఎవరు ఏ ఊరికి, ఏ పనికి, ఎన్ని నెలలకు, ఎంత అడ్వాన్సు మీద పోయారో పంచాయతీలో రాసి పెట్టాలి.