చేసి వ్రాయువాడు

ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో రికార్డు వ్రాయుట ఎట్టి పనియో ఉపాధ్యాయులకును తెలియును, విద్యార్థులకును తెలియును. పై తరగతివాని రికార్డును ముందు పెట్టుకొని, అంకెలు కొంచెము మార్చి దింపుకొనుటయే తరచుగా జరుగునది. ఇందు దోషము విద్యార్థిది మాత్రమే కాదు. పనివాడు వ్రాయనక్కరలేదనియు, వ్రాయువాడు చేతులు మసి చేసికొననక్కరలేదనియు పెద్దలలో వేళ్లూనిన అభిప్రాయమే పిల్లలకును అంటినది. చేసినదానిని తేటగా చెప్పుట రచన క్రిందికి రాదని తలచువారు, ఆ ఒక్క పనినే నమ్ముకొని జీవించిన ఫారెస్ట్ మిమ్స్ అను అమెరికా రచయిత చరిత్రను ఒకసారి తిలకింపవలెను.

మిమ్స్ 1944లో టెక్సాస్ రాష్ట్రమున పుట్టెను. 1966లో అతడు పట్టా పుచ్చుకొన్నది రాజనీతి శాస్త్రములో. ఎలక్ట్రానిక్సు అతనికి స్వయంకృషి వలన అబ్బిన విద్య. వంశములో ముత్తాత అంధుడు. ఆ తలపుతోనే, దారిలోని అడ్డులను పరారుణ కాంతితో పసికట్టి చెవికి ధ్వనిగా తెలుపు చిన్న సాధనమొకటి యౌవనమునందే నిర్మించెను. పిదప వైమానిక దళమున ఉద్యోగియై ఆల్బుకర్కీ నగరమున నున్నపుడు, రాత్రివేళ ఎగురవేయు బొమ్మ రాకెట్టు జాడ తెలియుటకై దానిలో మినుకుమను దీపమును అమర్చి, ఆ నిర్మాణ విధానమును ఒక పత్రికకు వ్రాసి పంపెను. 1969 సెప్టెంబరులో అది అచ్చయినది. ప్రతిఫలము 93 డాలర్ల 50 సెంట్లు. మరుసటి యేడే అతడు ఉద్యోగము వదలుకొని స్వతంత్ర రచనను వృత్తిగా చేపట్టెను. సాహసమనవలెనో, తెలివితక్కువయనవలెనో ఆనాడు ఇంటివారికి తోచియుండదు!

ఈ వృత్తిలో నెలజీతము లేదు. ఒక పరికరమును చేసినవాడు దానినే వ్యాసముగా వ్రాయును, అట్టి వ్యాసములను కూర్చి పుస్తకము చేయును, ఇతరుల యంత్రములకు వాడుక వివరములు వ్రాసిపెట్టును. మిమ్స్ మరి ముగ్గురు మిత్రులతో కలిసి 1969లో స్థాపించిన ‘మిట్స్’ అను చిన్న సంస్థ, అతడు విడిచి వెళ్లిన తరువాత, 1975లో ఆల్టెయిర్ 8800 అను కంప్యూటరును అమ్మకమునకు పెట్టినది. దాని వాడుక పుస్తకమును వ్రాసినది మిమ్సే. అందులకు అతడు పుచ్చుకొన్నది డబ్బు కాదు, బిగించి సిద్ధము చేసిన ఆల్టెయిర్ ఒకటి. ఆ యంత్రము ఇప్పుడు స్మిత్సోనియన్ ప్రదర్శనశాలకు చేరినది.

అతనికి శాశ్వతమైన పేరు తెచ్చినది మాత్రము 1983లో రేడియో షాక్ దుకాణముల ద్వారా వెలువడిన ‘గెటింగ్ స్టార్టెడ్ ఇన్ ఎలక్ట్రానిక్స్’. పుటలు 128. అక్షరములన్నియు అచ్చు అక్షరములు కావు. రచయిత పెన్సిలు పట్టి స్వయముగా దిద్దినవి. బొమ్మలును అతని చేతివే. విద్యుత్తనగా ఏమో మొదటినుండి చెప్పి, డయోడు, ట్రాన్సిస్టరుల మీదుగా నడిపించి, చివరకు 100 సర్క్యూటుల వద్ద పాఠకుని నిలబెట్టును. పది లక్షలకు మించి ప్రతులు చెల్లినవి. దానిని తెరచిన బాలునకు గ్రంథము చదువుచున్నట్లుండదు. పక్క బల్లమీద కూర్చున్న అన్నగారి నోటుపుస్తకమును తొంగిచూచినట్లుండును. ఆ సులభత్వము వెనుక శ్రమ కలదు. పద్యములో గణము తప్పినచో విమర్శకుడు నవ్వి ఊరకుండును. రెసిస్టరు విలువలో ఒక సున్న తప్పినచో ఏ దూరదేశముననో ఒక పిల్లవాడు కూడబెట్టుకొన్న డబ్బుతో కొన్న డయోడు మాడిపోవును. ఆ పిల్లవాడు రెండవమారు ఆ రచయితను నమ్మునా? పరీక్షకు ఇంత కఠినముగా నిలువవలసిన వచనము మరియొకటి కనబడదు. అయినను సాహిత్య చరిత్రకారులు దీనికి ఒక పీట వేయరు.

ఇట్టి జీవనము పచ్చికబయలు కాదు. అతని వ్యాసములను ఏండ్ల తరబడి ప్రకటించిన ‘పాప్యులర్ ఎలక్ట్రానిక్స్’ పేరు మార్చుకొని, 1985లో మూతపడినది. 1990లో ఒక ప్రసిద్ధ విజ్ఞాన పత్రిక అతనిచేత మూడు వ్యాసములు వ్రాయించుకొని ప్రకటించియు, జీవపరిణామ సిద్ధాంతమును అతడు అంగీకరింపడని తెలిసిన పిదప ఆ శీర్షికను అతనికి అప్పగింపలేదు. అతని అభిప్రాయము విజ్ఞానమునకు సమ్మతము కాదు. కాని ఆ వ్యాసములలోని సాధనములకును ఆ అభిప్రాయమునకును సంబంధము లేదు. కలము కూలికి వ్రాయువాడు సంపాదకుని గుమ్మము ముందు ఎంత నిస్సహాయుడో ఇది చాటుచున్నది.

అదే యేడు ఫిబ్రవరి నుండి అతడు టెక్సాసులోని తన పొలమున నిలిచి, స్వహస్తములతో చేసిన సాధనములతో సూర్యకాంతిని కొలువ నారంభించెను. వెలుగునిచ్చు డయోడు వెలుగును గుర్తింపను గలదు, అదియును తన రంగుకు దగ్గరి కాంతినే. ఖరీదైన గాజు వడపోతలకు బదులు ఈ చవుక డయోడును పెట్టి గాలిలోని ధూళిని, నీటియావిరిని కొలువవచ్చునని అతడు చూపెను. ఓజోను కొలుచుటకు అతడు చేసిన రెండు సాధనములు పరస్పరము ఏకీభవించుచు, 1992లో అమెరికా అంతరిక్ష సంస్థవారి ఉపగ్రహ లెక్కలతో మాత్రము విభేదించినవి. తప్పు ఉపగ్రహమునందే అని తరువాత తేలినది. ఆ సంగతి 1993లో ‘నేచర్’ పత్రికలో ప్రకటితమైనది. అతడు కొలుచుటయే కాక, ప్రతిదినము వ్రాసియుంచెను గనుకనే ఆ వాదము నిలిచినది.

ధనిక దేశము, ఇంగ్లీషు చదువరులు, వీధివీధిని విడిభాగముల దుకాణములు ఉండుటచేత ఇది చెల్లినది గాని ఇక్కడ ఎట్లు చెల్లునని అడుగువారుందురు. ఆ మాటలో నిజము లేకపోలేదు. తెలుగున ఇట్టి రచనతో కుటుంబమును పోషించుట నేటికిని సులభము కాదు. కాని వ్రాయువారిని తయారుచేయుటకు పాఠశాల దుకాణముల కొరకు కాచుకొననక్కరలేదు. 2016 నుండి అటల్ టింకరింగ్ ప్రయోగశాలలు అనేక పాఠశాలలకు వచ్చినవి. సోల్డరింగు కడ్డీ పిల్లల చేతికి అందినది. ఆ పిల్లలచేతనే తెలుగు గంటలో ‘వసంత ఋతువు’ను గూర్చి నూరవసారి వ్యాసము వ్రాయించుట ఎందులకు? సైకిలు పంక్చరు వేయు విధమును, చిన్న బ్యాటరీతో దీపము వెలిగించు విధమును ఒక పుటలో వ్రాయింపవచ్చును. ఆ కాగితమును మరియొక విద్యార్థి చేతికిచ్చి, నోటిమాట సాయము లేకుండ, అది చూచి చేయుమనవచ్చును. మార్కులు ఎన్ని వేయవలెనో తెలుగు పంతులుగారును సైన్సు పంతులుగారును పక్కపక్కన కూర్చుండి తేల్చుకొందురు. దీపము వెలుగనిచో, వ్రాసినవాడే పరుగున వచ్చి ఏ వాక్యము తప్పినదో వెదకుకొనును.