వంద కోట్ల ఏడు

కోడింగ్ కాంటెస్టులు మొదలుపెట్టిన ప్రతి ఒక్కరికీ ఈ లైన్ తెలిసే ఉంటుంది: జవాబు చాలా పెద్దదైతే దాన్ని 1000000007తో భాగించి శేషం ప్రింట్ చెయ్యండి. నేనూ ఆ నంబర్‌ని టెంప్లేట్‌లో మొదటి లైన్లో పెట్టేసుకున్నాను. 'టెన్ పవర్ నైన్ ప్లస్ సెవెన్' అని మంత్రంలా చదువుతుంటే మా అమ్మమ్మ విని, "వంద కోట్ల ఏడు అనొచ్చుగా" అంది. సరే, వంద కోట్ల ఏడు. మరి ఆ నంబరే ఎందుకు? ఏడాది పాటు నేను అడగలేదు. మనలో చాలామందిమి అడగం. నా కంప్లైంట్ అదే.

నాకు దెబ్బ తగిలింది భాగహారం దగ్గర. ఒక కాంటెస్టులో శేషం తీశాక జవాబుని మామూలుగా 2తో భాగించేశాను. శాంపిల్ కేసులు పాసయ్యాయి, పెద్దవి పోయాయి. గంటన్నర లూపుల్లో తప్పు వెతికాను. తప్పు అక్కడ లేదు.

చిన్న నంబర్‌తో చూడండి. 10ని 2తో భాగిస్తే 5. ఇప్పుడు 7తో శేషాలు తీద్దాం. 10కి శేషం 3. దాన్ని 2తో భాగిస్తే మెషీన్ 1 అంటుంది. తప్పు! భాగించే బదులు 4తో గుణించాలి, ఎందుకంటే 2, 4 గుణిస్తే 8, శేషం 1. అలా చేస్తే 3 కాస్తా 12 అవుతుంది, శేషం 5. వచ్చేసింది. అదే 7 బదులు 8 తీసుకుంటే 2కి ఇలాంటి జంటే లేదు, దేనితో గుణించినా సరి సంఖ్య శేషమే వస్తుంది. 7 ప్రధాన సంఖ్య, అంటే ప్రైమ్, కాబట్టి సున్నా తప్ప ప్రతి శేషానికీ జంట ఉంటుంది. వంద కోట్ల ఏడు కూడా ప్రైమే. అక్కడ 2కి జంట 500000004, గుణించి చూసుకోండి. మిగతావాటికి ఫెర్మా 1640లోనే దారి చెప్పాడు: శేషాన్ని 1000000005వ ఘాతానికి పెంచితే దాని జంట వస్తుంది.

సైజు కూడా చూసే ఎంచుకున్నారు. రెండు శేషాలు కూడితే 2000000012 దాటదు, ఇంట్‌లో 2147483647 దాకా పడుతుంది. గుణిస్తే లాంగ్ లాంగ్‌లో హాయిగా పడుతుంది.

పది అంకెల ప్రైముల్లో అన్నిటికన్నా చిన్నది ఇదే. 1000000009 దీని కవల. ఒకటి తీసేసి సగం చేస్తే వచ్చే 500000003 కూడా ప్రైమే. ఇవేవీ కాంటెస్టుకి అక్కర్లేదు, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను. అలాగని ఇదేమీ దైవాంశ నంబర్ కాదు, ఆ కవలని పెట్టినా పని జరుగుతుంది.

"సబ్మిట్ అయితే చాలు కదరా, ఇదంతా ఎందుకు" అంటాడు మా సీనియర్ అన్న ఒకాయన. ఆయనకి ర్యాంకుంది, నాకు లేదు, ఒప్పుకుంటాను. కానీ ప్రశ్న పెట్టినవాళ్లు ఏదో ఒక రోజు చివరి 7 తీసేసి ఉత్త వంద కోట్లు ఇస్తే, అన్న టెంప్లేట్ ఎర్రర్ కూడా చూపించదు. తప్పు జవాబునే ధైర్యంగా ప్రింట్ చేస్తుంది.